ప్రధాన సంఖ్యలకు క్రమం ఉందా, లేదా?

గోదారి_గణితం:
2, 3 దాటాక ప్రతి ప్రధాన సంఖ్యా ఏదో ఒక 6 గుణిజానికి ఒకటి ముందో, ఒకటి వెనకో ఉంటుంది. 5, 7, 11, 13, 17, 19... ఇంత స్పష్టంగా కనిపిస్తుంటే క్రమం లేదని ఎలా అంటారు?

శేషం_సున్నా:
అది ప్రధాన సంఖ్యల క్రమం కాదండీ. 2, 3 గుణిజాల్ని తీసేస్తే మిగిలే వరస అంతే. 25, 35, 49 కూడా అందులోనే ఉన్నాయిగా!

ఇంతకన్నా ఆశపెట్టేది ఆయిలర్ సూత్రం. ఒక సంఖ్య వర్గానికి అదే సంఖ్యను, ఆపైన 41ని కలపండి. 0 నుంచి 39 దాకా ఏది తీసుకున్నా ప్రధాన సంఖ్యే వస్తుంది. 40 దగ్గర మాత్రం 1600 + 40 + 41 = 1681, అంటే 41 × 41. ఒకే చలరాశితో ఇలాంటి బహుపది ఏది రాసినా ఎక్కడో ఒకచోట తప్పి తీరుతుందని నిరూపణ ఉంది.

కృష్ణాతీరం:
మీరిద్దరూ ఒక్కో సంఖ్యనే పట్టుకున్నారు. గుంపుగా చూడండి. 100 లోపు 25, 1000 లోపు 168, పది లక్షల లోపు 78,498. ఈ పలచబడే తీరుకి లెక్కుంది: ఒక పెద్ద సంఖ్య చుట్టుపక్కల ప్రధాన సంఖ్యల మధ్య సగటు ఎడం దాదాపు దాని సహజ సంవర్గమానమంత. పది లక్షల దగ్గర సుమారు 14. గౌస్ కుర్రతనంలోనే పసిగట్టిన ఈ సంగతిని 1896లో హడమార్డ్, ద లా వాలే పూసాన్ విడివిడిగా నిరూపించారు. ఇది క్రమం కాదా?

శేషం_సున్నా:
సగటు తెలిస్తే తర్వాతిది ఎక్కడుందో తెలిసిపోతుందా? 113 దగ్గర సగటు ఎడం అయిదు లోపే. కానీ 113 తర్వాత 127 దాకా ఒక్కటీ లేదు. కాస్త ముందుకెళ్తే 137, 139 జంటగా తగుల్తాయి. నా దృష్టిలో ఇది పాచికలు వేసినట్టే.

కృష్ణాతీరం:
పాచికలైతే 2016లో లెమ్కే ఆలివర్, సౌందరరాజన్ చూపించినదానికి ఏమంటారు? 5 దాటాక ప్రధాన సంఖ్యలు 1, 3, 7, 9లతోనే ముగుస్తాయి, నాలుగూ ఇంచుమించు సమానంగా. కాబట్టి 1తో ముగిసేదాని వెంటనే మళ్ళీ 1తో ముగిసేది 25 శాతం సార్లు రావాలి. మొదటి పది కోట్ల ప్రధాన సంఖ్యల్లో వచ్చింది 18.5 శాతమే!

గోదారి_గణితం:
1 నుంచి మళ్ళీ 1కి రావాలంటే కనీసం 10 దాటాలి కదండీ. ఈలోగా 3, 7, 9లకు ముందు వంతు వస్తుంది. అందుకేనేమో?

కృష్ణాతీరం:
కొంతవరకు అదే, కానీ తేడా మొత్తం దానితో తేలదు. ప్రధాన సంఖ్యల జంటలు, గుంపులు ఎంత తరచుగా రావాలో చెప్పే హార్డీ, లిటిల్‌వుడ్‌ల ఊహ ఆధారంగా వాళ్ళు దీన్ని వివరించారు. సంఖ్యలు పెరిగేకొద్దీ తేడా చాలా నెమ్మదిగా తగ్గుతుందని కూడా ఆ లెక్కే చెబుతోంది. ఆ ఊహకే ఇంకా నిరూపణ లేదు. 137, 139 లాంటి జంటలు అనంతంగా ఉన్నాయన్నదీ అందులో భాగమే.