అయిదు శతాబ్దాల సంగీతం, ఒకే గిటారు: సబబేనా?

తంత్రి:
స్పెయిన్ స్వరకర్త మిలాన్ (1536) నుంచి ఇంగ్లండ్ స్వరకర్త బ్రిటెన్ (1963) దాకా ఒకే గిటారుపై వాయించిన రికార్డులు నా అల్మారాలో ఒక అర నిండా ఉన్నాయి. మొహమాటం లేకుండా చెబుతున్నాను, వాటిలో మొదటి సగం అబద్ధం. మిలాన్ రాసింది విహువేలాకు, అంటే గిటారును పోలిన, జంట తీగల పాత స్పానిష్ వాద్యానికి. స్పెయిన్‌కే చెందిన సాన్స్ 1674లో రాసింది అయిదు జతల తీగల చిన్న గిటారుకు. ఇప్పటి గిటారు రూపం 19వ శతాబ్దంలో స్పెయిన్ వాద్య నిర్మాత టోర్రెస్ చేతిలో కుదిరింది. నైలాన్ తీగలు ఇంకా తర్వాతివి.

రాత్రిశ్రోత:
అబద్ధమంటే అన్యాయం తంత్రి గారూ. మన కచేరీలోకి వయొలిన్ ఎక్కడి నుంచి వచ్చింది? పాలకొల్లు శ్రీనివాస్ మాండలిన్‌పై త్యాగరాజ కీర్తన వాయిస్తే, పెదవి విరిచినవాళ్లూ తర్వాత తల ఊపారు.

తంత్రి:
పోలిక కుదరదు. కీర్తన గొంతులో పుట్టింది, ఏ వాద్యమైనా ఆ గొంతు వెంటే నడుస్తుంది. సాన్స్ సంగీతం పుట్టింది వేళ్లలో. ఆయన కోరిన అమరికలో నాలుగు, అయిదు జతలకు మంద్రపు తీగలుండవు, అన్నీ సన్నవే. పక్కపక్క స్వరాలను వేర్వేరు తీగలపై మీటితే ఒకదాని నాదం ఇంకొకదానిపై వాలి గంటల్లా మోగుతాయి. దాన్నే కాంపనేలా అంటారు. అవే వేళ్లు మన గిటారుపై పెట్టి చూడండి: మెట్లెక్కుతున్న మనిషి ఉన్నట్టుండి నేలమాళిగలోకి జారినట్టు, మధ్య స్వరాలు ఒక స్థాయి కిందికి పడతాయి. అందుకే వాయించేవారు పై తీగలకు సర్దేస్తారు. స్వరాలు మిగులుతాయి, గంటలు పోతాయి.

కొత్తగోరు:
నేర్చుకుంటున్నదాన్ని, ఒక మాట. మూడో తీగ శ్రుతిని ఒక మెట్టు (అర స్వరం) దించి, కాపోను (తీగలన్నిటినీ నొక్కి పట్టే బిగింపును) మూడో మెట్టుపై బిగిస్తే విహువేలా వేళ్లు అచ్చంగా కుదురుతాయి. విహువేలా స్వరకర్త నార్వాయెస్‌ను అలాగే సాధన చేశాను. జంట తీగల మెరుపు రాదు, అంతే.

రాత్రిశ్రోత:
1930లో స్పెయిన్ గిటారు విద్వాంసుడు సెగోవియా, బాఖ్ కాలపు ల్యూట్ (పాత యూరప్ తంత్రీవాద్యం) విద్వాంసుడు వైస్ పేరిట ఒక సూట్ (నాట్య గతుల వరుస) రికార్డు చేశారు. రాసింది సెగోవియా మిత్రుడు, మెక్సికో స్వరకర్త పోన్సే! ఏళ్ల తరబడి అందరూ నమ్మారు. కాలాన్ని పసిగట్టే చెవులు అప్పుడేమయ్యాయి?

తంత్రి:
నా వాదనకు సాక్ష్యం మీరే తెచ్చారు. అసలు వైస్‌ను ల్యూట్‌పై విన్నవారు అరుదు కాబట్టే నమ్మారు. అన్ని కాలాలకూ ఒకే రంగు పులిమితే దొంగసరుకు ఇట్టే కలిసిపోతుంది.

కొత్తగోరు:
మరి బ్రిటెన్ 'నాక్టర్నల్'? గిటారు విద్వాంసుడు బ్రీమ్ కోసం రాసిన ఆ కృతిలో వేరియేషన్లు (ఒకే పాటకు రకరకాల మార్పులు) ముందు, వాటికి మూలమైన, ఇంగ్లండ్ స్వరకర్త డౌలండ్ 1597 నాటి పాట చివర. అది ల్యూట్‌తో పాడే పాట. బ్రీమ్‌కు ల్యూట్ కూడా వచ్చేది, అయినా చివరి పేజీలో గిటారు దించి దాన్ని ఎత్తుకోలేరు కదా!

తంత్రి:
అది గిటారుకే రాసింది కాబట్టి వదిలేస్తాను. సాన్స్‌ను మాత్రం వదలను.