గొల్లభామకు వేసేది మేతా, ఎరా?

ప్రశ్న (గుంటూరు):
డబ్బాలో పెంచే గొల్లభామకు బయట పట్టిన పురుగులు వేస్తాం. వాటిని మేత అనాలా, ఎర అనాలా? మిడతనూ గొల్లభామ అనేవాళ్ళున్నారు. నేనడిగేది ముందుకాళ్ళు మడిచి దణ్ణం పెట్టినట్టు నిలబడేదాని గురించి.

జవాబు (విజయవాడ):
ఎరేనండి. కోయు నుంచి కోత వచ్చినట్టు మేయు నుంచి మేత. మేతకు కదలిక అక్కర్లేదు. మిడత ఆకు మేస్తుంది. గొల్లభామ కదిలేదాన్నే పడుతుంది. చచ్చిన ఈగను డబ్బా అడుగున వేస్తే అక్కడే ఎండిపోతుంది, పట్టకారుతో మూతి ముందు ఆడిస్తే తీసుకోవచ్చు. పాము మింగేదాన్ని ఎర అనమూ?

జవాబు (గుంటూరు):
కోళ్ళ మేత, రొయ్యల మేత అంటున్నాంగా? మనం పెంచేవాటికి పెట్టేదంతా మేతే.

జవాబు (విజయవాడ, మరొకరు):
ఇక్కడ రెండు మాటలూ కావాలి. ఎరకు ముందు మేత పెట్టాలి. గట్టున పట్టిన మిడత పొట్టలో ఆకు ఉంటుంది, ఆ ఆకు మీద పురుగుమందు ఉండొచ్చు. మిరప, పత్తి చేల దగ్గర అసలు పట్టొద్దు. మరీ తేలిగ్గా చేతికి చిక్కినా, కాళ్ళు వణుకుతున్నా, వెల్లకిలా పడి లేవలేకపోతున్నా మందు తగిలిందేమోనని వదిలేయండి. చురుగ్గా ఉన్నవాటినీ గాలాడే డబ్బాలో రెండు రోజులుంచి, కడిగిన క్యారెట్ ముక్క, మందు కొట్టని గడ్డి పెట్టండి. ఈలోగా కొన్ని చస్తే మిగతావీ వేయొద్దు.

దీనివల్ల పొట్టలోని ఆకు పోతుంది గానీ పరాన్నజీవులు పోవు. కాలవగట్ల మీద దీపాలకు మూగే రెక్కల పురుగుల్లో నీళ్ళలో పెరిగినవి చాలా ఉంటాయి. వాటి ఒంట్లో వెంట్రుకపాముల పిల్లలు దాగి ఉండొచ్చు. అవి గొల్లభామ పొట్టలో పెరిగి పొడవాటి దారంలా బయటికొస్తాయి. మిణుగురులు, జిల్లేడాకు తినే గొంగళిపురుగులు ఒంట్లో విషం ఉన్నవి, వాటినీ మానండి.

ప్రశ్న (గుంటూరు):
సరేనండి, ఎరే అంటాను. ఎంత వేయాలి?

జవాబు (విజయవాడ, మరొకరు):
ఎర పొడవు గొల్లభామ పొడవులో సగం దాటకూడదు. పెద్దదానికి రెండు మూడు రోజులకొకటి చాలు, పొట్ట ఉబ్బెత్తుగా ఉంటే అదీ ఆపండి. అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్లలకు ముగ్గిన అరటిపండు మీద ముసిరే సన్న ఈగలు సరిపోతాయి.

కుబుసం విడిచే ముందు తిండి మానేసి తలకిందులుగా వేలాడుతుంది. అప్పుడు డబ్బాలో కీచురాయి మిగిలి ఉంటే ఆ మెత్తటి ఒంటిని అదే కొరుకుతుంది, ఎర ఎవరన్నది తారుమారవుతుంది. తినని పురుగును వెంటనే తీసేయండి. కుబుసం విడిచాక కూడా ఒళ్ళు గట్టిపడేదాకా, అంటే ఒకటి రెండు రోజులు, ఏమీ వేయొద్దు.