సమస్యాపూరణం: "బాష్ప ముబికెఁ గంటఁ బడదు నీరు"

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాం, పై మూడు పాదాలూ మీరు పూరించాలి. అయిదూ సూర్యగణాలే (మూడేసి మాత్రల గణాలు): బాష్ప, ముబికెఁ, గంటఁ, బడదు, నీరు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ కుదరాల్సిన మైత్రి, బా–బ. చిక్కంతా 'బాష్పం'లో ఉంది. సంస్కృత నిఘంటువు అమరకోశంలోని నానార్థ వర్గం 'బాష్ప మూష్మాశ్రు' అంటుంది: ఆవిరీ అదే, కన్నీరూ అదే. 'అశ్రువు'కి ఆ వెసులుబాటు లేదు.

ఇసుకపలక:

వండు కుండ మూత వణఁకుచు లేవంగఁ
బొయ్యి సెగకు నీరు పొరలి మరఁగఁ
దెల్లనైన తెరలు తేలియాడుచునుండ
బాష్ప ముబికెఁ గంటఁ బడదు నీరు

గంటం: గణాలూ యతులూ సరిపోయాయి. మూడో పాదమే కొంప ముంచింది. మూత సందుకు ఆనుకుని ఏమీ లేనట్టు కనిపించే చోట ఉన్నదే అసలు ఆవిరి. కాస్త పైన తెల్లగా లేచేది చల్లగాలి తగిలి మళ్లీ నీరైన సన్నటి తుంపర. అంటే నీటిని మీరే చూపించి, 'కంటఁ బడదు' అంటున్నారు! ఇలా మార్చి చూడండి:

గానరాని యావి గాలిలోఁ గలియంగ

'మరఁగ'లోని ద్రుతం (పదం చివరి నకారం) వల్ల 'కాన' కాస్తా 'గాన' అయింది.

తాటాకు:

కూఁతు నంపు వేళ గొంతున దుఃఖమ్ము
గట్టిపడఁగఁ దండ్రి నిలిచిపోయె
మాట పలుకఁబోవ మాటికిఁ దడఁబడె
బాష్ప ముబికెఁ గంటఁ బడదు నీరు

గంటం: రెండో పాదంలో 'గ'కు 'ని' యతి చెల్లదు. 'నిలిచిపోయె' తీసి 'కదలఁడయ్యె' పెట్టండి. గణాలు చెదరవు, గ–క కుదురుతుంది. భావం మాత్రం గట్టిది. శాకుంతలం నాలుగో అంకంలో శకుంతలను అత్తింటికి పంపుతున్న కణ్వుడి గొంతు పూడేది 'స్తంభిత బాష్పవృత్తి' వల్లే. లోపల ఉబికి గొంతుకు అడ్డం పడేది బాష్పం, కంటి నుంచి జారేది అశ్రువు. బాష్పగద్గదం అంటాం గానీ అశ్రుగద్గదం అనం.

ఇసుకపలక: సవరణ తీసుకున్నాను. మరి ఆనందబాష్పాలు చెంపల మీదికి జారతాయి కదండీ?

గంటం: జారతాయి. వాడుకలో ఆ గీత ఎప్పుడో చెరిగిపోయింది, నిఘంటువులూ పట్టుబట్టవు. ఇక్కడ 'కంటఁ బడదు' అన్న షరతు ఉంది గనక ఆ దారి మూసుకుపోయిందంతే. బాష్పవాయువు(టియర్ గ్యాస్)కీ అదే ఇబ్బంది. పేరులో రెండర్థాలూ ఇమిడాయి గానీ, అది సోకాక కళ్లు కారకుండా ఉండవు.

తాటాకు: యతి దిద్దుకున్నాను. ఉల్లిపాయతో ఇంకో పూరణ మొదలుపెట్టి వదిలేశాను. కోస్తే అశ్రువులే, ఉబికేదేమీ లేదు.