కాన్పు సమయంలో ఇచ్చే ఒక్క మందుతో ప్రసవానంతర కుంగుబాటును నివారించవచ్చా?

ప్రశ్న:
మా చెల్లెలికి ఇప్పుడు ఎనిమిదో నెల. తొలి కాన్పు తరువాత ఆమె ఆరు నెలల పాటు కుంగుబాటుతో బాధపడింది; పక్కనే బిడ్డ ఏడుస్తున్నా ఎత్తుకోలేక గోడ వైపు తిరిగి పడుకునేది. బిడ్డ పుట్టగానే తల్లికి ఎస్కెటమిన్ అనే మందు ఒక్కసారి ఎక్కిస్తే ఆ పరిస్థితి రాకుండా చూడవచ్చని ఈ మధ్య చదివాను. ఇది ఎంతవరకు నమ్మదగినది?

జవాబు 1:
నేను మత్తు వైద్యుడిని. మీరు చదివినది 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన చైనా అధ్యయనం గురించి అయి ఉంటుంది. అందులో ఐదు ఆసుపత్రులకు చెందిన 364 మంది తల్లులను రెండు జట్లుగా చేసి, బొడ్డుతాడు బిగించిన తరువాత, ఒక జట్టుకు కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాముల చొప్పున ఎస్కెటమిన్‌ను, మరొక జట్టుకు ఉత్త సెలైన్‌ను 40 నిమిషాల పాటు నరం ద్వారా ఎక్కించారు. 42 రోజులకు చూస్తే మందు తీసుకున్నవారిలో 6.7 శాతం మందికి, సెలైన్ తీసుకున్నవారిలో 25.4 శాతం మందికి కుంగుబాటు నిర్ధారణ అయింది. తల తిరగడం, ఒకటి రెండుగా కనిపించడం వంటి ఇబ్బందులు మందు జట్టులో ఎక్కువే అయినా, అవి ఒక రోజులోపే తగ్గిపోయాయి.

తేడా చిన్నదేమీ కాదు. అయితే ఆ తల్లులందరూ గర్భంతో ఉన్నప్పుడే కుంగుబాటు లక్షణాలు కనబడి, కుంగుబాటును అంచనా వేసే పది ప్రశ్నల ఎడిన్‌బరో ప్రశ్నావళిలో 10 లేదా అంతకు మించి మార్కులు వచ్చినవారు. ఇప్పుడు మనసు కుదురుగా ఉన్న గర్భిణికి ఈ లెక్కలను అన్వయించలేము. మీ చెల్లెలి పరిస్థితి ప్రస్తుతం ఎలా ఉంది?

జవాబు 2:
ఇలాంటిదే జురనొలోన్ అనే మరో మందు ఉందని కొందరు రెండింటినీ కలిపి మాట్లాడుతున్నారు. 2023లో అమెరికాలో అనుమతి పొందిన ఆ మందును కుంగుబాటు వచ్చిన తరువాత 14 రోజులు మింగాలి. అది చికిత్సకే గాని నివారణకు కాదు.

జవాబు 3:
నాకూ తొలి కాన్పులో ఇదే జరిగింది. మొదటి రెండు వారాల్లో చాలామందికి వచ్చే ఏడుపేలెమ్మని అందరూ అనడంతో రెండు నెలలు వృథా అయ్యాయి. రెండోసారి ఏడో నెలలోనే కౌన్సెలింగ్ మొదలుపెట్టాను. గతంలో కుంగుబాటు వచ్చినవారిని ముందుగానే కౌన్సెలింగ్‌కు పంపాలని అమెరికా నివారణ సేవల నిపుణుల బృందం కూడా 2019లో సిఫారసు చేసింది. దానితోపాటు రాత్రి రెండు గంటలకు బిడ్డకు పాలు మావారు పట్టేవారు కనుక నాకు ఐదు గంటలు ఏకధాటిగా నిద్ర దొరికేది. ఇంజెక్షన్ సంగతి ఎలా ఉన్నా, ఈ రెండూ ఇప్పుడే ఏర్పాటు చేసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఆ పది ప్రశ్నలూ చెల్లెలి ముందు పెట్టాను. నవ్వుతూ తిరుగుతోంది కదా, బాగానే ఉందనుకున్నాము. మొత్తం 13 వచ్చింది. తనకు తాను హాని చేసుకునే ఆలోచనల గురించిన పదో ప్రశ్నకు మాత్రం ఎన్నడూ లేదని గుర్తు పెట్టింది. ఆ కాగితాన్ని రేపే వైద్యురాలికి చూపిస్తాము.