'ది కేవ్స్ ఆఫ్ స్టీల్': పాఠకుడు హంతకుణ్ణి పట్టుకోగలడా?

పుటమడత: అసిమోవ్ ఈ నవలలో (1954) పాఠకుడితో నిజాయితీగా ఆడలేదు. ఇతర గ్రహాల నుంచి వచ్చిన స్పేసర్లు భూమ్మీద ఉండే చోటు స్పేస్‌టౌన్. అక్కడ సార్టన్ అనే శాస్త్రవేత్త హత్య జరుగుతుంది, నగర డిటెక్టివ్ బేలీ, మనిషిలా కనిపించే రోబో డానీల్ కలిసి దర్యాప్తు చేస్తారు. మొత్తం 18 అధ్యాయాలు. హత్య జరిగిన గది త్రీడీ ఫిల్మ్‌ను పెద్దది చేస్తే తలుపు గాడిలో కళ్లద్దాల గాజు ముక్కలు కనిపించడం చివరి అధ్యాయంలోనే. సైన్స్ ఫిక్షన్లో డిటెక్టివ్ కథ కుదరదు, డిటెక్టివ్ ఏదో భవిష్యత్తు యంత్రం తీసి తేల్చేస్తాడు అని పత్రికా సంపాదకుడు క్యాంప్‌బెల్ అంటే, అది తప్పని చూపడానికే ఇది రాశానన్నాడు అసిమోవ్. మరి ఆ ఫిల్మ్ ఏమిటి?

ఇనపగూడు: భూతద్దం చేసే పనే అది చేసింది. మొదటి అధ్యాయం మళ్లీ తిప్పండి. బేలీ పై అధికారి, పోలీసు కమిషనర్ ఎండర్బీ పాతకాలపు కళ్లద్దాలు పెట్టుకుంటాడు, పాతవి పగిలాయని తనే చెబుతాడు. ఇంకేం కావాలి?

అర్ధరాత్రి_దీపం: టైటిల్లో 'హంతకుడి పేరుంది' అని పెట్టొచ్చుగా! నేనింకా 9వ అధ్యాయంలో ఉన్నా.

పుటమడత: కళ్లద్దాలు పగలడం నేరమా? ఎవరికైనా పగులుతాయి.

ఇనపగూడు: ఒక్కటే పట్టుకుంటే అలాగే ఉంటుంది. కాగితం మీద మూడు వరుసలు రాయండి. ఒకటి: స్పేస్‌టౌన్ గేటు దగ్గర ఆయుధం తీసేసుకుంటారు. రెండు: కప్పు లేని నేల మీద నడవడానికి నగరవాసికి ప్రాణం ఒప్పదు. మూడు: నడవగల రోబో మనిషిని చంపలేదు. అంటే ఇది మనిషి ఒక్కడే చేసిందీ కాదు, రోబో ఒక్కటే చేసిందీ కాదు. తుపాకీ ఎందుకో తెలియని రోబో మోసుకొస్తే, మనిషికి హాని చేయకూడదన్న రోబోల మొదటి సూత్రం అడ్డురాదు. కమిషనర్ ఆఫీసులోనే ఆర్. సామీ అనే రోబో ఉంది!

చెద: చనిపోయిన సార్టన్, డానీల్ ఒకే పోలిక. దాన్ని వదిలేశారు. అసలు గుట్టు అదే.

పుటమడత: సెరిబ్రోఎనాలిసిస్ (మెదడును చదివి స్వభావం తేల్చే పరీక్ష) చేసి ఎండర్బీ హత్య చేసే మనిషి కాడని స్పేసర్లే తేల్చారు. రచయితే అడ్డంగా గోడ కట్టి, మీరు దూకలేదేం అంటే?

ఇనపగూడు: అయ్యా, మనిషిని చంపాలనుకుంటేగా! డానీల్ని పాడుచేయాలని వెళ్లాడు, కళ్లద్దాలు పగిలాయి, ఎదురుగా ఉన్నది సార్టన్ అని తేడా తెలియలేదు. పరీక్ష తప్పు చెప్పలేదు, మనం ప్రశ్న తప్పు అడిగాం. ఇది కూడా చూడకుండా చర్చ పెట్టడమేమిటి?

పుటమడత: మాట జాగ్రత్త. మీ మూడు వరుసలూ అనుమానం దాకానే తెస్తాయి. నాకు కావలసింది రుజువు, అది 18కి ముందు లేదు.

చెద: అదీ సంగతి. ఒకరు అనుమానం చాలంటున్నారు, ఒకరు రుజువు కావాలంటున్నారు. కళ్లద్దాల మీద కొట్టుకుని లాభం లేదు.

ఇనపగూడు: రుజువు పని బేలీది. అతనే రెండుసార్లు తప్పాడు. డానీల్ మనిషేనన్నాడు, డానీల్ చెయ్యి విప్పి లోపలి లోహం చూపించాడు. తర్వాత మొదటి సూత్రమే లేదన్నాడు, రోబోల నిపుణుడు డాక్టర్ గెరిగెల్ పరీక్షించి ఉందన్నాడు. మనం సరిగ్గా అనుమానిస్తే చాలు, బేలీ కంటే ముందున్నట్టే.

పుటమడత: సరే. ఆ తలుపు గాడి 18కి ముందు ఏ పేజీలో ఉందో చెప్పండి, ఒప్పుకుంటా.