అప్‌డేట్: ఇమేజ్ మార్చాక ఆగిపోయిన రౌటర్లు లేచాయి

ఈవ్-ఎన్‌జీలో (కంప్యూటర్‌లోనే నెట్‌వర్క్ ల్యాబ్ నడిపే సాఫ్ట్‌వేర్) సిస్కో వర్చువల్ రౌటర్ సీఎస్ఆర్ 1000వీ పాత ఇమేజ్ ఫైల్ తీసి, 17 సిరీస్ వెర్షన్‌ది పెట్టాక, పాత ల్యాబ్‌లో రౌటర్లు బూట్ కావట్లేదని అడిగాను కదా. తేలింది. నోడ్‌కి (ల్యాబ్‌లోని ఒక్కో రౌటర్‌కి) పూర్తి డిస్క్ కాపీ ఉండదు; అసలు క్యూకౌ2 ఫైల్ (డిస్క్ ఇమేజ్) మీద జరిగిన మార్పులే విడిగా ఉంటాయి. అడుగు ఫైల్ మారితే పైవి చెల్లవు. పాతది తిరిగి పెట్టగానే అన్నీ లేచాయి.

కాన్ఫిగ్‌లు (రౌటర్ సెట్టింగులు) ఎక్స్‌పోర్ట్ చేసుకుని, కొత్త వెర్షన్‌కి వేరే ఫోల్డర్ చేసి, ఫిక్స్‌పర్మిషన్స్ (ఫైల్ అనుమతులు సరిచేసే కమాండ్) కొట్టి, కొత్త నోడ్‌లు వేశాను. నోడ్‌ని వైప్ చేసెయ్యమన్న (మార్పులన్నీ చెరిపెయ్యమన్న) అన్నలకి: బూట్ అవుతుంది గానీ, నోడ్‌లో సేవ్ చేసినదంతా పోతుంది. విజయనగరంలో గాలివానకి కరెంటు పోయే రోజుల్లో ఎక్స్‌పోర్ట్ ఎలాగూ తప్పదనుకోండి.

ఒక్కటే చిక్కు. కొత్తది ఒక్కోటి 4 జీబీ ర్యామ్ అడుగుతోంది. నా 16 జీబీ ల్యాప్‌టాప్‌లో మూడే నడుస్తున్నాయి. మిగతావి తక్కువ ర్యామ్ తినే సిస్కో వర్చువల్ రౌటర్ వీఐఓఎస్‌తో సర్దేశాను.