చీనీ తోటలో ఎండాకాలమూ పూస్తున్న ఈ కలుపు ఏమిటి?

ప్రశ్న – చీనీ రైతు, కళ్యాణదుర్గం వైపు

మాది గరుసు నేల. ఏప్రిల్ వచ్చేసరికి గట్ల మీద గరిక కూడా మాడిపోయింది. డ్రిప్పు పైపుల వెంట మాత్రం ఒక మొక్క నేలకు పరుచుకుని పచ్చగా ఉంది. జానెడు సన్నటి కాడ, దాని కొసన ఒకే పువ్వు. మధ్యలో పసుపు, చుట్టూ అయిదు తెల్ల రేకులు. పక్క తోట ఆయన వయ్యారిభామ అంటున్నారు. దురద వస్తుందని కూలీలు చెయ్యి పెట్టడం లేదు. మందు కొట్టించాలా?

జవాబు – విశ్రాంత వృక్షశాస్త్ర ఉపాధ్యాయుడు

మందు సంగతి తరువాత, ముందు ఒక రేకు తెంపి కొస చూడండి. మూడు పళ్లుగా చీలి ఉంటే అది గడ్డిచామంతి, ట్రైడాక్స్ ప్రోకంబెన్స్. వయ్యారిభామ ఆకు క్యారెట్ ఆకులా చీలికలుగా ఉంటుంది, పూలు చిన్నవి, గుత్తులుగా వస్తాయి. తెల్ల పువ్వు కనబడితే చాలు వయ్యారిభామ అనేయడం మన దగ్గర అలవాటైపోయింది.

దీని పుట్టిల్లు ఉష్ణమండల అమెరికా. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గగనమైన అనంతపురంలో ఎలా బతుకుతుందంటారా? బీడులో అయితే వానలకు పూసి ఎండకు వాడుతుంది. మీ తోటలో మీరే నీళ్లు పోస్తున్నారు కదా! పూత ముదిరాక ప్రతి గింజకూ ఒక నూగు కుచ్చు వస్తుంది. గాలికి లేచిన గింజ తడి దొరికిన చోట మొలుస్తుంది, ఆపైన నేలను తాకిన ప్రతి కణుపూ వేరు వేస్తుంది. అందుకే కొడవలితో కోస్తే లాభం లేదు. నీళ్లు పెట్టిన మర్నాడు, నూగు రాకముందే, వేరుతో సహా పెరికించండి. కణుపులున్న తీగలను పాదులో వదలవద్దు.

చెట్ల పాదుల్లో తీసేస్తే చాలు. గట్ల మీద ఉంటే ఉండనివ్వండి. మే నెలలో తేనెటీగలకు, చిన్న నీలి సీతాకోకచిలుకలకు ఇంకేం పూలు దొరుకుతాయి?

జవాబు – మడకశిర

మా చిన్నప్పుడు పలక తుడవడానికి ఈ ఆకే. కొడవలి తెగితే దీని పసరే పిండేవాళ్లం, రక్తం ఆగేది.

జవాబు – విశ్రాంత వృక్షశాస్త్ర ఉపాధ్యాయుడు

గీరుకుపోతే సరే. ఈ పసరు మీద పరిశోధనలూ జరిగాయి. లోతుగా తెగితే మాత్రం సబ్బుతో కడిగి, ఆసుపత్రికి వెళ్లి ధనుర్వాతం సూది వేయించుకోవాలి. మట్టి అంటిన ఆకును తెరిచిన గాయంలో రుద్దడం నాకు నచ్చదు.

ప్రశ్న వేసినవారు

మూడు పళ్లు ఉన్నాయి మాస్టారూ, నాలుగు పూలు చూశాను. ఎల్లుండి నీటి వంతు, మర్నాడే పెరికిస్తాను. పెరికినది కుందేళ్లకు వేయవచ్చా?

జవాబు – మడకశిర

నిరభ్యంతరంగా వేయండి, మావి ఇష్టంగా తింటాయి. ఈమధ్య మందు కొట్టిన సాళ్లలోది మాత్రం వద్దు.